ట్యాంకు నిండిన కబురు ఫోన్‌కు: నల్లగొండ ఇంట్లో హోం ఆటోమేషన్ పెట్టిన నా అనుభవం

నల్లగొండలోని మా ఇంట్లో నీళ్లు రెండు రకాలు. తాగడానికి, వండుకోవడానికి నల్లాలో వచ్చే కృష్ణా నీళ్లు; మిగతా వాడకానికి పెరట్లోని బోరు నీళ్లు. ఫ్లోరైడ్ ఈ జిల్లాకు ఎంత చేటు చేసిందో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పనక్కర లేదు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి దేశమంతటా ‘నల్లగొండ పద్ధతి’ అన్న పేరే స్థిరపడిపోయింది. అందుకే మా ఇంట్లో నల్లా నీటికి విలువ ఎక్కువ. ఆ నీళ్లు సంపులోకి చేరిన తర్వాత మోటారు వేసి మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించాలి, నిండగానే ఆపాలి. అమ్మకు, నాయినకు వయసు మీద పడింది. మోటారు వేసిన సంగతి మరిచిపోవడం, పక్కింటి గోడ మీద నీళ్లు పడుతున్న చప్పుడు విన్నాక ఆపడం తరచుగా జరుగుతూ వచ్చింది. సంపులో నీళ్లు అయిపోయినా మోటారు ఉత్తగా తిరగడం అంతకంటే పెద్ద నష్టం, ఎందుకంటే నీళ్లు లేకుండా తిరిగే పంపులో సీలు కాలిపోతుంది. నా ఉద్యోగం వంద కిలోమీటర్ల దూరాన హైదరాబాద్‌లో. రోజూ ఫోన్ చేసి ‘మోటర్ బంద్ చేసిన్రా?’ అని అడగడం ఇద్దరికీ విసుగు తెప్పించే పని.

ఇంటిని ‘స్మార్ట్’ చేసి వచ్చినవాళ్లకు చూపించుకోవాలన్న కోరిక నాకు లేదు. నాకు తెలియవలసినవి కొన్నే: ట్యాంకు నిండిందా, మోటారు నీళ్లు లేకుండా తిరుగుతున్నదా, కరెంటు పోయి ఎక్కువసేపు అయిందా, రాత్రి పొద్దుపోయాక గేటు తీసి ఉన్నదా. అవసరమైతే దూరం నుంచి మోటారు ఆపగలగాలి. ఇంటర్నెట్ ఉన్నా లేకున్నా, నేను పెట్టిన సామాను పనిచేసినా చేయకున్నా, నాయిన గోడ మీది బటన్ నొక్కితే మోటారు తిరగాలి, నొక్కితే ఆగాలి. ఈ చివరి నియమం దగ్గర రాజీ పడకూడదని మొదటే నిశ్చయించుకున్నాను.

బజారులో దొరికే చవక వై-ఫై స్విచ్చులతో మొదలుపెట్టడం సులువే. అయితే వాటిలో చాలా వాటికి ఆజ్ఞ ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కు వెళ్లి అక్కడి నుంచి తిరిగి రావాలి. మా వీధిలో కరెంటు పోతే స్తంభం మీది ఫైబర్ పెట్టె కూడా ఒక్కోసారి ఆగిపోతుంది కాబట్టి ఆ దారి నాకు పనికిరాదు. అందుకే ఇంట్లోనే ఒక చిన్న కంప్యూటర్ మీద నడిచే హోం అసిస్టెంట్‌ను ఎంచుకున్నాను. పౌలస్ స్కౌట్సన్ 2013లో మొదలుపెట్టిన ఈ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ప్రోగ్రాం రాయడం రానివాళ్లు కూడా వాడుకోగలిగేంత సులువైంది. ‘ఇది జరిగినప్పుడు, ఈ షరతు ఉంటే, ఇది చేయి’ అన్న మూడు గడులను నింపితే ఒక ఆటోమేషన్ తయారవుతుంది.

కంప్యూటర్‌గా ‘రాస్ప్‌బెర్రీ పై 4’ అనే చిన్న బోర్డు తీసుకున్నాను; ఇక ముందు ‘పై’ అన్నచోట ఆ కంప్యూటరే. మెమరీ కార్డుకు బదులు చిన్న ఎస్‌ఎస్‌డీ డిస్కు పెట్టాను. హోం అసిస్టెంట్ రోజంతా ఏదో ఒకటి డిస్కులో రాస్తూనే ఉంటుంది. మాటిమాటికీ కరెంటు పోయే చోట మెమరీ కార్డులు అందుకు ఎక్కువ కాలం తట్టుకోవు. పైని, రౌటర్‌ను, ఫైబర్ డబ్బాను మూడింటినీ ఇన్వర్టర్ లైనుకు కలిపాను. సాఫ్ట్‌వేర్ ఎక్కించడం ఒక సాయంత్రం పనే, దాని గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. కష్టమంతా మెట్ల కింద ఉన్న స్టార్టర్ డబ్బా దగ్గర మొదలైంది.

మాది ఒక హార్స్‌పవర్ సింగిల్ ఫేజ్ మోటారు. తిరిగేటప్పుడు అయిదారు ఆంపియర్లే తీసుకుంటుంది కానీ, మొదలయ్యే క్షణంలో దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే నీలం రంగు చిన్న రిలే (చిన్న సంకేతంతో పెద్ద కరెంటును కలిపే, విడదీసే స్విచ్చు) మీద ‘10 ఆంపియర్లు’ అని రాసి ఉంటుంది. ఆ అంకెను నమ్మి మోటారును నేరుగా దాని మీద పెడితే కొన్నాళ్లకు లోపలి పలకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. అప్పుడు మోటారు మొదలు కాకపోవడం కాదు, ఆగకపోవడం జరుగుతుంది. మనం తప్పించాలనుకున్నదే అది. కాబట్టి మోటారు కరెంటును కాంటాక్టర్ అనే పెద్ద స్విచ్చు మోయాలి, చిన్న రిలే ఆ కాంటాక్టర్‌ను లాగి పట్టే కాయిల్‌ను మాత్రమే నడపాలి.

మా ఎలక్ట్రీషియన్ పొలం మోటార్ల స్టార్టర్లు విప్పి బిగించడంలో చేయి తిరిగిన మనిషి. నేను కాగితం మీద గీసిన బొమ్మ చూసి, ‘సార్, ఇదంతా గాదు. పచ్చ బటన్ పక్కకు ఒకటి, ఎర్ర బటన్ ఎనకకు ఒకటి పెడితే అయిపాయె’ అన్నాడు. ఆయన చెప్పిందే సరైన మార్గం. పచ్చ బటన్‌కు సమాంతరంగా ఒక రిలే, ఎర్ర బటన్‌తో వరుసలో ఇంకొక రిలే. నేను ఫోన్‌లో ‘వేయి’ అంటే మొదటి రిలే అర సెకను మూసుకుని తెరుచుకుంటుంది, అంటే ఎవరో పచ్చ బటన్ నొక్కినట్టే. ‘ఆపు’ అంటే రెండోది అర సెకను తెరుచుకుంటుంది. కాంటాక్టర్ తనను తానే పట్టుకుని ఉంటుంది కాబట్టి, కరెంటు పోతే వదిలేస్తుంది, తిరిగి వస్తే దానంతట అది మొదలవదు. రైతులు పెట్టుకునే ఆటో స్టార్టర్ గుణం దీనికి సరిగ్గా వ్యతిరేకం. వచ్చిపోయే కరెంటు కోసం రాత్రుళ్లు కాపు కాసిన రోజుల్లో ఆటో స్టార్టర్ అవసరమైంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక, భూగర్భ జలం వృథా అవుతుందని వాటిని తీసేయమని అధికారులు కోరారు. ఇంటి సంపుకైతే తనంతట తాను మొదలయ్యే మోటారు ఏనాడూ అక్కరకు రాదు.

ట్యాంకు మట్టం తెలుసుకోవడానికి అల్ట్రాసోనిక్ సెన్సారు పెట్టమని చాలామంది చెప్తారు. శబ్దం పంపి, ప్రతిధ్వని తిరిగి వచ్చే సమయాన్ని బట్టి నీటి దూరం లెక్కగట్టే పరికరం అది. మా నల్ల ప్లాస్టిక్ ట్యాంకు మే నెల ఎండకు లోపల ఉడికిపోతుంది. శబ్ద వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు 343 మీటర్లు. ప్రతి డిగ్రీకి సుమారు 0.6 మీటరు పెరుగుతుంది. 45 డిగ్రీల గాలిలో మీటరు దూరానికి నాలుగు సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఆ తేడాను సరిచేసుకోవచ్చు కానీ, మూత కింద పట్టే ఆవిరి చుక్కలు సెన్సారు ముఖం మీద నిలిచి తప్పుడు కొలతలు ఇస్తే చేయగలిగింది లేదు. నాకు కావలసింది నీటిమట్టం శాతాల్లో కాదు; నిండిందా లేదా అన్న ఒక్క మాట. దానికి ఫ్లోట్ స్విచ్ చాలు.

ఫ్లోట్లు రెండు పెట్టించాను. పైది నేరుగా కాయిల్ దారిలోనే ఉంది, అది లేస్తే మోటారు ఆగుతుంది. మధ్యలో ఏ కంప్యూటర్ ప్రమేయమూ లేదు. దానికి అంగుళం కిందుగా ఉన్న రెండోది మాత్రమే హోం అసిస్టెంట్‌కు కబురు చెప్పి, మోటారును ముందుగా ఆపిస్తుంది. మామూలుగా కింది ఫ్లోట్‌తోనే పని అయిపోతుంది. సాఫ్ట్‌వేర్ మొరాయించిన నాడు పైది ఆదుకుంటుంది. తాగే నీళ్లలోకి 230 వోల్టుల తీగ దింపడానికి ఎలక్ట్రీషియనూ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. ఫ్లోట్లు 12 వోల్టుల మీద నడుస్తాయి, డబ్బాలో ఉన్న మరో చిన్న రిలే ఆ సంకేతాన్ని కాయిల్ దారికి అందిస్తుంది.

ఈ రిలేలను నడిపేది ఈఎస్‌పీ32 అనే వై-ఫై చిప్పు ఉన్న బోర్డు. షాంఘైలోని ఎస్‌ప్రెసిఫ్ కంపెనీ చేసే ఈ చిప్పుకు ఈఎస్‌పీహోం అనే సాఫ్ట్‌వేర్ ద్వారా కొద్ది వరుసల్లో పని అప్పగించవచ్చు. ఇది 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైకే కలుస్తుంది, రౌటర్‌లో 2.4, 5 రెండింటికీ ఒకే పేరు ఉండి బోర్డు కలవడానికి సతాయిస్తే వాటికి వేర్వేరు పేర్లు పెడితే సరిపోతుంది. మోటారు తీగ చుట్టూ క్లాంపు పెట్టి వోల్టేజీ, కరెంటు, వాట్లు చెప్పే పీజెమ్ మీటరును కూడా దీనికే కలిపాను. సంపు ఖాళీ అయినప్పుడు పంపు మీద భారం తగ్గుతుంది, దాంతో వాట్లు పడిపోతాయి. మోటారు నీళ్లు ఎత్తేటప్పుడు ఎన్ని వాట్లు చూపిస్తున్నదో కొన్నాళ్లు గమనించి, అందులో మూడింట రెండు వంతుల కంటే తగ్గి అర నిమిషం ఉంటే ఆపేయమని రాశాను. మోటారు ముప్పావు గంటకు మించి తిరిగితే ఆపాలన్న నియమం కూడా ఉంది. ఈ రెండు నియమాలనూ హోం అసిస్టెంట్‌లో కాక బోర్డులోనే రాశాను, ఎందుకంటే పై ఆగిపోయినా బోర్డు తన పని తాను చేసుకోగలదు.

ఇక నోటిఫికేషన్ల సంగతి. హోం అసిస్టెంట్ ఫోన్ యాప్‌లో లాగిన్ అయితే చాలు, ఆ ఫోన్ పేరుతో ఒక నోటిఫికేషన్ సేవ తయారవుతుంది. ఇంట్లోని పై ఆ సందేశాన్ని ఇంటర్నెట్‌లోకి పంపిస్తే, ఆండ్రాయిడ్ ఫోన్లకు గూగుల్ పుష్ సేవ ద్వారా, ఐఫోన్లకు ఆపిల్ సేవ ద్వారా చేరుతుంది. ఇక్కడ ముఖ్యమైన విషయం ఒకటుంది: సందేశం రావడానికి బయటి నుంచి ఇంట్లోకి దారి అక్కర లేదు. ఇంటి నుంచి బయటికి దారి ఉంటే చాలు. రిమోట్ యాక్సెస్ (బయటి నుంచి ఇంటి వ్యవస్థను తెరవడం) గురించి తల బద్దలు కొట్టుకోకముందే కబుర్లు ఫోన్‌కు రావడం మొదలవుతాయి. చాలామంది ఇళ్లకు అక్కడితో ఆగిపోయినా నష్టం లేదని నా అభిప్రాయం.

సందేశం వెంటనే రావాలంటే రెండు పనులు చేయాలి. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ ఆదా పేరుతో యాప్‌ను నిద్రపుచ్చే అమరికను ఈ యాప్ వరకు తీసేయాలి. అత్యవసర సందేశాలకు ఆటోమేషన్‌లో ‘టీటీఎల్ 0’ (దాచి ఉంచకుండా వెంటనే చేర్చు), ‘ప్రయారిటీ హై’ అని రాయాలి; లేకపోతే ఫోన్ టేబుల్ మీద కదలకుండా ఉన్నప్పుడు సందేశం ఆలస్యం కావచ్చు. మోటారు ఉత్తగా తిరిగి ఆగిన సందేశాన్ని అలారం శబ్దంతో వచ్చే ఛానెల్‌లో పెట్టాను. ట్యాంకు నిండిన సందేశం చప్పుడు లేకుండా వస్తుంది. ప్రతి సందేశానికీ ఒక ట్యాగ్ ఇవ్వడం వల్ల కొత్తది వచ్చినప్పుడు పాతదాని స్థానంలోనే కూర్చుంటుంది, వరుస పేరుకుపోదు. ఒక్కో ఫోన్‌కు రోజుకు 500 సందేశాల దాకా పంపుకోవచ్చు. ఒక ఇంటి నుంచి అన్ని కబుర్లు వస్తున్నాయంటే ఆ ఫోన్‌ను ఎవరూ చూడడం లేదనే అర్థం. వోల్టేజీ మారినప్పుడల్లా, గేటు తీసినప్పుడల్లా కబురు వస్తే చూడవలసిన కబురు కూడా వాటిలో కలిసిపోతుంది. గేటు గురించి రాత్రి పది దాటాక, అదీ అయిదు నిమిషాలు తెరిచే ఉంటేనే చెప్పమన్నాను.

అమ్మకు ఫోన్‌లో వచ్చేవి చదవడం ఇష్టం ఉండదు. హాల్లో ఒక చిన్న స్పీకర్ పెట్టి, అందులో తెలుగులో చెప్పించాను. గూగుల్ అనువాద గొంతు తెలుగు కూడా పలుకుతుంది కానీ, దానికి ఇంటర్నెట్ కావాలి. పైగా ఆ గొంతు విని అమ్మ, ‘ఎవరే పిల్ల, వార్తలు చదివినట్టు చదువుతుంది?’ అన్నది. అందుకని నా గొంతుతోనే ‘అమ్మా, ట్యాంకు నిండింది, మోటరు బంద్ అయింది’, ‘అమ్మా, సంపుల నీళ్లు లెవ్వు’ అని రికార్డు చేసి, ఆ ఫైళ్లను పైలోనే ఉంచాను. ఇప్పుడు ఇంటర్నెట్ లేకున్నా స్పీకర్ మాట్లాడుతుంది. అమ్మ అప్పుడప్పుడు దానికి ‘సరే బిడ్డా’ అని జవాబు కూడా చెప్తుందట.

కరెంటు పోయిన కబురుకు కొంచెం ఆలోచించవలసి వచ్చింది. ఇన్వర్టర్ లేని లైనులో ఒక వై-ఫై ప్లగ్ పెట్టాను. అది నెట్‌వర్క్ నుంచి మాయమై రెండు నిమిషాలు దాటితే కరెంటు పోయినట్టు లెక్క. ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో కరెంటు పోయిన సంగతి పెద్దవాళ్లకు ఒక్కోసారి వెంటనే తెలియదు, బ్యాటరీ దిగేదాకా ఫ్యాన్లన్నీ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి, ఈ కబురుకు మా ఇంట్లో విలువ ఉంది. కానీ కరెంటుతో పాటు ఫైబర్ కూడా పోతే ఆ సందేశం బయటికే రాదు. అప్పుడు మౌనాన్నే కబురుగా మార్చుకోవాలి. హెల్త్‌చెక్స్ అనే ఓపెన్ సోర్స్ సేవకు మా పై అయిదు నిమిషాలకు ఒకసారి ‘ఉన్నాను’ అని చెప్తుంది. పావుగంట పాటు ఆ మాట వినపడకపోతే ఆ సేవే నాకు సందేశం పంపుతుంది. ఇంట్లోని యంత్రం తాను పడిపోయిన సంగతి తానే చెప్పలేదు కదా, అందుకు బయట ఒకరు ఉండక తప్పదు.

రిమోట్ యాక్సెస్ దగ్గరికి వచ్చేసరికి ఇంటర్నెట్ చిరునామాల కరువు అడ్డం వచ్చింది. ఐపీవీ4 అనే పాత పద్ధతిలో మొత్తం చిరునామాలు 429 కోట్లు. పంచడానికి కేంద్ర నిల్వలో ఉన్నవి 2011 ఫిబ్రవరిలోనే అయిపోయాయి. అందుకే ఇంటర్నెట్ ఇచ్చేవాళ్లలో చాలామంది ఎన్నో ఇళ్లను ఒకే బయటి చిరునామా వెనుక ఉంచుతారు, దాన్నే సీజీ-నాట్ అంటారు. మీ ఇల్లు అందులో ఉందో లేదో తెలుసుకోవడం సులువు. రౌటర్ పేజీలో వాన్ ఐపీ (రౌటర్‌కు బయటి వైపు ఉన్న చిరునామా) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది ఇలాంటి చోట్లకే 2012లో కేటాయించిన వరుస. మాది అదే వరుసలో ఉంది. అలాంటప్పుడు రౌటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ (బయటి పిలుపును ఇంట్లోని యంత్రానికి మళ్లించడం) ఎంత చేసినా, బయటి నుంచి వచ్చే పిలుపు మన గుమ్మం దాకా రాదు. స్టాటిక్ ఐపీ, అంటే మారని సొంత చిరునామా అడిగితే ఏడాదికి అదనంగా కట్టమన్నారు.

నిజానికి బయటి చిరునామా దొరికినా నేను పోర్ట్, అంటే బయటి పిలుపులు లోపలికి వచ్చే తలుపు తెరిచేవాణ్ణి కాదు. హోం అసిస్టెంట్ 8123 పోర్టు మీద నడుస్తుంది. తెరిచి ఉంచిన పోర్టుల కోసం ఇంటర్నెట్ అంతా జల్లెడ పట్టే ప్రోగ్రాములు రాత్రింబవళ్లు తిరుగుతుంటాయి. 2016లో మిరాయి అనే బాట్‌నెట్ (దొంగచాటుగా లొంగదీసుకున్న పరికరాల గుంపు), ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు మార్చని కెమెరాలను, వాటి బొమ్మలు దాచే డీవీఆర్‌లను పట్టుకుని, ఆ అక్టోబరులో అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లను కొన్ని గంటలు ఆపేసింది. నాయినకు ఈ విషయం చెప్పినప్పుడు, ‘అంటే దొంగలు ఆడ కూసొని మన మోటర్ ఏస్తరా?’ అని అడిగాడు. వేయగలరన్నాను.

అందువల్ల టెయిల్‌స్కేల్ పెట్టాను. ఇది వైర్‌గార్డ్ అనే రహస్య సొరంగం లాంటి పద్ధతి మీద నడిచే ప్రైవేటు నెట్‌వర్కు. ఇంట్లోని పై, నా ఫోన్ రెండూ లోపలి నుంచి బయటికి పిలిచి కలుసుకుంటాయి కాబట్టి సీజీ-నాట్ అడ్డు రాదు, రౌటర్‌లో ఏ తలుపూ తెరవనక్కర లేదు. హోం అసిస్టెంట్‌లో దీన్ని అదనపు ప్రోగ్రాంగా ఎక్కించుకోవచ్చు. విచిత్రంగా ఇది ఇచ్చే చిరునామా కూడా ఆ 100 వరుసలోదే. యాప్‌లో బయటి చిరునామాగా దాన్ని, ఇంటి వై-ఫైలో ఉన్నప్పుడు వాడే చిరునామాగా ఇంటి ఐపీని రాశాను. ఏ వై-ఫైలో ఉన్నదో ఫోన్ గుర్తుపట్టడానికి ఆండ్రాయిడ్‌లో లొకేషన్ అనుమతి ఇవ్వాలి. ఇది పెట్టుకునేవాళ్లు తప్పక చేయవలసిన పని ఒకటి ఉంది. టెయిల్‌స్కేల్‌లో చేర్చిన ప్రతి పరికరానికి ఇచ్చే తాళంచెవికి మామూలుగా 180 రోజులకు గడువు తీరుతుంది. ఇంట్లోని పై వరకు ఆ గడువును తీసేయాలి, లేదంటే ఆరు నెలల తర్వాత ఇల్లు ఒక రోజు చడీచప్పుడు లేకుండా అందకుండా పోతుంది. నెలనెలా డబ్బు కట్టడానికి అభ్యంతరం లేనివాళ్లకు హోం అసిస్టెంట్ క్లౌడ్ ఇంకా సులువు, ఆ చందా డబ్బు ఆ సాఫ్ట్‌వేర్ అభివృద్ధికే పోతుంది. హోం అసిస్టెంట్ లాగిన్‌కు పాస్‌వర్డుతో పాటు ఫోన్‌లో మారుతుండే ఆరంకెల కోడ్ కూడా అడిగేలా పెట్టాను.

దూరపు దారి తెరుచుకున్నాకే సందేశంలోని బటన్లకు ప్రాణం వచ్చింది. మోటారు అరగంట దాటి తిరుగుతుంటే నాకు వచ్చే సందేశం కింద ‘ఆపు’, ‘ఉండనీ’ అని రెండు బటన్లు ఉంటాయి. సందేశం గూగుల్ దారిలో వచ్చినా, నేను నొక్కిన మాట తిరిగి ఇంట్లోని పైకి చేరాలంటే ఫోన్‌కు ఆ ప్రైవేటు దారి ఉండాలి. గేటు కెమెరా బొమ్మ సందేశంలో కనపడాలన్నా అంతే. ‘వేయి’ అనే బటన్ మాత్రం సందేశంలో పెట్టలేదు. మెట్ల కింద ఎవరైనా మోటారు విప్పుకుని కూర్చున్నప్పుడు హైదరాబాద్‌లో నా వేలు తగలడం వల్ల అది తిరగకూడదు. యాప్ లోపల ఉన్న ‘వేయి’ కూడా నొక్కితే మరొకసారి అడిగిన తర్వాతే పనిచేస్తుంది. మోటారు రిపేరుకు వచ్చినవాళ్లు ముందు కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చు దించాలని డబ్బా మీద పెద్ద అక్షరాలతో రాయించాను, వైరింగు బొమ్మ ఒకటి మూత లోపలి వైపు అతికించాను. నేను లేనప్పుడు వచ్చే ఎలక్ట్రీషియన్‌కు అదే ఆధారం.

కనగల్ వైపు ఉన్న మా బత్తాయి తోటలో మూడు ఫేజుల బోరు మోటారుకు సిమ్ కార్డుతో నడిచే మొబైల్ స్టార్టర్ ముందు నుంచే ఉంది. నాయిన ఫోన్ చేస్తే మోటారు మొదలవుతుంది, ఒక ఫేజు పోతే అదే ఆగి ఆయనకు మెసేజ్ పంపుతుంది. దాన్ని కూడా ఇందులో కలుపుదామా అని బావమరిది అడిగాడు. అక్కడ వై-ఫై లేదు, ఉన్న పరికరం ఆయన చేతికి అలవాటైంది, చేయవలసిన పనంతా చేస్తున్నది. దాన్ని అలాగే వదిలేశాను.